పదకొండు ఒకట్ల మొక్కు

మా ఆయన రాజమాణిక్యం రెండేళ్లపాటు జుట్టూ గడ్డమూ తీయించలేదు. తిరువళ్లూరు ఫ్యాక్టరీకి ఆ అవతారంతోనే వెళ్లేవాడు. తిరుత్తణి మురుగన్‌కి మొక్కుకున్నాడని వీధంతా తెలుసు. దేనికో మాత్రం నాకొక్కదానికే తెలుసు. పదకొండు ఒకట్లు వరసగా రాస్తే వచ్చే సంఖ్య ఒకటీ తనూ కాక ఇంకేదైనా సంఖ్యతో శేషం లేకుండా భాగం పోవాలట! ఇది నలుగురికీ ఎలా చెప్పుకోను?

పెళ్లయి నాలుగేళ్లు, ఇంకా పిల్లల్లేరు. అందుకే మొక్కని అందరూ అనుకున్నారు. పక్కింటి అలిమేలమ్మ నన్ను చూసినప్పుడల్లా "మీ ఇంటాయన మొక్కు యెప్పుడు తీరుతాదో పాపం" అనేది. ఆ 'పాపం' వింటే నాకు ఒళ్లు మండేది.

"భాగం పోకపోతే?" అని ఒకరోజు నిలదీశాను.

"లక్షా అయిదువేల చిల్లర దాకా చూసి యేదీ పడకుంటే ఇంక పడేదే లేదు. అప్పుడది ప్రధాన సంఖ్య. దేవుడు దిగొచ్చినా విరగదు" అన్నాడు మురిసిపోతూ.

అంటే ఆ జుట్టు ఇక దిగదు, నాకు ఆ 'పాపం' తప్పదు.

"అన్నీ చూడబన్లేదు కస్తూరీ. ఇరవైరెండుతో భాగిస్తే ఒకటి మిగిలేవి చూస్తే చాలు. మిగతావి దీన్ని విరగ్గొట్టలేవు" అని ఓదార్చాడు.

ఆయన లెక్కలు చేసే పలక లాక్కున్నాను. ఆ రోజునుంచి ఆయన కొన్ని, నేను కొన్ని. కూర మాడినా, పాలు పొంగినా భాగహారాలే. ఒక ఆదివారం నా వంతుకు 21649 వచ్చింది. చివర సున్నా మిగిలింది. నమ్మకం కలగక మళ్లీ చేశాను, మళ్లీ సున్నానే. "విరిగింది!" అని నేను వేసిన కేకకు అలిమేలమ్మ పరుగెత్తుకొచ్చింది, చెయ్యి విరిగిందేమోనని.

ఆడికృత్తిక పండుగకు తిరుత్తణిలో గుండు చేయించాం. పళ్ళిపట్టునుంచి బస్సులో వచ్చిన మా అత్త తాయమ్మ కొడుకు గుండుకు చందనం రాసింది. తర్వాత నా కడుపువైపు చూసి చప్పున కళ్లు తిప్పుకుంది. ఇక దాచలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అత్త మెట్టుమీద కూలబడింది.

"లెక్కా? బిడ్డకోసరం కాదా?"

"కాదత్తా."

"అయ్యో తల్లీ! నువ్వు లోపల లోపలే కుమిలిపోతా వుండావని, అడిగితే యాడ ఏడుస్తావోనని రెండేండ్లు నోరు కట్టుకోనుంటినే! బిడ్డ వస్తే వస్తాది, లేకుంటే లేదు. నువ్వు బాగుండావు గదా, అది చాలు నాకు."

రెండేళ్లుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఎంత తేలికైందో! మా ఆయన కంగారుగా గుండు తడుముకుంటూ నిలబడ్డాడు. అత్త ఆయనవైపు తిరిగింది.

"ఒరే, ఇంకోతూరి లెక్కకు మొక్కుకుంటే, ముందు నీ పెండ్లాన్ని అడిగి మొక్కుకో. విరగ్గొట్టింది ఆమే గదరా!"