రెండో వరసలో

ఉల్యానాకూ నాకూ బ్యాలే నేర్పింది లిదియా మకరోవ్నా. వోల్గా ఒడ్డున మా ఊరి నాట్య పాఠశాలలో పదేళ్ల వయసులో చేరినవాళ్లం, పెద్దయి బయటికి వచ్చేదాకా ఆమె చేతి కిందే పెరిగాం. నేను ఒక ఏడాది ముందు చదువు ముగించి పీటర్స్‌బర్గ్‌లో ఒక పెద్ద థియేటర్ బృందంలో చేరాను. మరుసటి వేసవిలో మా దర్శకుడు ఆ బడి వీడ్కోలు ప్రదర్శన చూడటానికి వెళ్లి ఉల్యానాను తీసుకొచ్చాడు.

నన్ను తీసుకున్నప్పుడు ఎవరూ పెద్దగా సంబరపడలేదు. నేను అందరిలాంటి పిల్లను. ఉల్యానా సంగతి వేరు. ఆమె చెయ్యెత్తితే పక్క గదిలో పియానో వాయించేవాళ్లు కూడా తలుపు దగ్గరికి వచ్చి చూసేవారు. రైలెక్కించడానికి వచ్చిన లిదియా మకరోవ్నా ఆమె మఫ్లర్ సర్దుతూ, "వెళ్లు తల్లీ. ఇకనుంచి నిన్ను నేను టిక్కెట్టు కొనుక్కుని చూడాలి" అందట. ఆ మాట ఉల్యానా నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

థియేటర్ వసతిగృహంలో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. మొదటి ఉదయమే, సాధన గదిలో గోడ పొడవునా బిగించిన కర్ర పట్టుకుని కిటికీ పక్కన నిలబడింది ఉల్యానా. ఒక పాత నర్తకి వచ్చి భుజం మీద వేలితో తట్టింది.

"అమ్మాయీ, ఇక్కడ నేను నిలబడతాను. నువ్వు పాలపీక వదలకముందు నుంచీ."

ఉల్యానా నవ్వేసి తలుపు దగ్గరికి, చలిగాలి కొట్టే చోటుకి జరిగింది. ఆ నవ్వు చాలాకాలం నిలవలేదు.

మా బృందానికి తర్ఫీదు ఇచ్చేది రిమ్మా ల్వోవ్నా. తెల్ల గౌన్లు వేసుకుని వరసలుగా వచ్చే పిల్లలందరూ ఒకే మనిషిలా కదలాలి. అదే ఆమె పని.

"ఏయ్ కొత్తమ్మాయ్, కాలు దించు!"

ఉల్యానా కొంచెం దించింది.

"ఇంకా దించు. నీ పక్కమ్మాయి కాలు ఎంతవరకు లేచిందో చూశావా? నువ్వొక్కదానివే పైకప్పుకి సున్నం వేస్తున్నావేంటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు గదికి వచ్చాక ఉల్యానా మంచం మీద కూలబడింది.

"ఆగాషా, ఇన్నేళ్లూ 'ఎత్తు, ఇంకా ఎత్తు' అని చావగొట్టారు కదే. ఇప్పుడు దించమంటే ఎలా దించను? దానంతటదే లేస్తుంది."

"లేవనీకు. ఇక్కడ కనిపించకుండా ఆడటమే గొప్ప" అన్నాను నేను.

"అయితే నన్నెందుకు తెచ్చారే?"

ప్రధాన పాత్రలు వేసేవాళ్లు ఉండనే ఉన్నారు. వాళ్ల వెనక వంతు కోసం కాచుకున్నవాళ్లూ ఉన్నారు. దర్శకుడు ఉల్యానాతో మళ్లీ మాట్లాడనే లేదు.

ఆమె నేర్చుకుంది. శీతాకాలం నడిమికి రిమ్మా ల్వోవ్నా ఆమె పేరెత్తి అరవడం మానేసింది. కాలు, మెడ, చేతి వేళ్లు, అన్నీ పక్కవాళ్ల కొలతకి దిగాయి. పగలంతా సాధన, సాయంత్రం ప్రదర్శన. ఆ మధ్యే పాదంలో నొప్పి మొదలైంది. నాకు తెలిసింది, ఇంకెవరికీ చెప్పనివ్వలేదు. "ఇప్పుడు కుంటితే నా చోటు పోతుంది" అని పాదానికి గట్టిగా పట్టీ చుట్టి బూట్లలో దూర్చేది.

మార్చిలో లిదియా మకరోవ్నా ఫోన్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం ఆటకి టిక్కెట్టు కొన్నానంది. శనివారం సాధనలో గెంతి దిగిన ఉల్యానా మళ్లీ లేవలేదు. ఎక్స్‌రేలో ఎముక చిట్లినట్టు తేలింది. రెండో వరస ఎడమ చివర ఉన్న ఆమె చోటు కొత్తగా వచ్చిన ఒక పిల్లకిచ్చారు. అప్పటికే మా టీచరు రైల్లో ఉంది.

"చెప్పెయ్యనా?" అన్నాను.

"వద్దే. ఇంత దూరం వస్తోంది. ఆట చూడనీ."

ఆదివారం ఆట అయ్యాక నటీనటుల గుమ్మం దగ్గరికి వచ్చింది లిదియా మకరోవ్నా. పాత బొచ్చు టోపీ, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఉల్యానా లోపలి మెట్ల మీద అప్పటికే కోటు, ఊలు బూట్లు వేసుకుని కూర్చుని ఉంది. గోడ పట్టుకుని లేచింది. ముసలావిడ ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

"చూశాను తల్లీ! రెండో వరస, ఎడమ చివర. తెర లేవగానే పట్టేశాను. ఆ మెడ ఎవరిదనుకున్నావ్? నేను చేసిన మెడ! పక్కన కూర్చున్నావిడకి కూడా చూపించాను, అదిగో మా పిల్ల అని. ఏడుపు ఆగలేదే."

నేను నేల చూపులు చూశాను. ఎడమ చివర ఆడింది ఆ కొత్త పిల్ల.

"కాలు మరీ ఎత్తలేదు కదా?" అంది ఉల్యానా.

"సరిగ్గా ఉంది. అందరితో కలిసిపోయావు."

ఎదురుగా ఉన్న కొట్లో వేడి పీష్కీలు, చక్కెర చల్లిన గారెల్లాంటివి, తిందామని బయల్దేరాం. మంచు కరిగి వీధంతా బురదగా ఉంది. రోడ్డు దాటుతుంటే ఉల్యానా అడుగు తడబడింది. టీచరు ఠక్కున ఆగి ఆమె బూటు వంక చూసింది. ఆ కళ్ల ముందు కుంటడం ఎవరు దాచగలరు?

"ఈ కాలితోనా ఇవాళ ఆడావు?"

"ఆడలేదు, లిదియా మకరోవ్నా."

"ఆడకపోవడం ఏంటి? నేను చూశాను కదా."

"అది నేను కాదండీ. నిన్ననే తీసేశారు."

ట్రాము గంట కొడుతున్నా ఆవిడ కదల్లేదు.

"మరి నేను ఎవర్ని చూసి ఏడ్చాను?"

ఉల్యానా ఆమె చేతిలో చెయ్యి వేసి రోడ్డు దాటించింది. కొట్లో ముగ్గురం కూర్చున్నాం. కాఫీ చల్లారిపోయింది. లిదియా మకరోవ్నా పీష్కీని ముక్కలు చేసిందే గాని నోట్లో పెట్టుకోలేదు. స్టేషన్లో మాత్రం, "ఎముక అతుక్కుంటుంది. వయసుంది నీకు" అంది. ఉల్యానా తలూపింది.

ఎముక అతుక్కుంది. వేసవిలో ఒప్పందం మాత్రం పొడిగించలేదు. ఉత్తరాదిన ఒక చిన్న సంగీత నాటకశాలలో చేరింది, అక్కడ మరుసటి శీతాకాలంలో అదే పాదం మళ్లీ చిట్లింది. ఇప్పుడు తల్లి దగ్గర ఉంటూ పిల్లల ఆసుపత్రిలో రోగుల పేర్లు రాసుకుంటోంది. లిదియా మకరోవ్నా బడిలో చిన్నపిల్లల తరగతి ఇస్తానని పిలిచిందట, వెళ్లలేదు.

"ఎందుకెళ్లలేదే?" అని మొన్న ఫోన్లో అడిగాను.

"ఏమని నేర్పను, ఆగాషా? ఎత్తమననా, దించమననా?"

ఎవరో బిడ్డ ఏడుస్తుంటే, ఉండవే అని ఫోన్ పెట్టేసింది.