పేరుకే మాస్టర్ని

నేను శబ్దాన్ని పెంచే, తగ్గించే ఒక మీటను. చేత్తో పట్టుకుందామంటే దొరకను. కరీంనగర్‌లో ఒక స్వీటు దుకాణం పైనున్న రికార్డింగ్ స్టూడియోలో, కంప్యూటర్ తెర మీద, కుడివైపు చిట్టచివర ఉంటాను. డప్పుకో మీట, డోలక్‌కో మీట, కీబోర్డుకో మీట, పాడే మనిషికో మీట. వాటన్నిటి శబ్దమూ వచ్చి నాలో పడాలి, నన్ను దాటాకే స్పీకర్‌లోకి వెళ్లాలి. అందుకే నాకు మాస్టర్ అని పేరు పెట్టారు. ఆ పేరు చూసుకుని పొంగిపోయిన రోజులు నాకూ ఉన్నాయి లెండి.

నన్ను తయారుచేసింది ఏ దేశం వాళ్లో తెలియదు. నాకు ఊహ తెలిసేసరికి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాను. మొదట జగిత్యాలలో పెళ్లి వీడియోలు తీసే ఆయన దగ్గర పనిచేశాను. సినిమా పాటల మోతలో పురోహితుడి మంత్రం వినబడకుండా చూడటమే అక్కడ నా ఉద్యోగం. ఆయన నన్ను బావమరిదికిచ్చాడు, బావమరిది స్నేహితుడికిచ్చాడు. ఆ స్నేహితుడే మా తిరుమలేశ్. నన్ను కొనుక్కున్నవాడు మాత్రం ఇంతవరకూ తారసపడలేదు. అయినా తిరుమలేశ్ స్టూడియో గోడకు ‘మా పాటలు కాపీ కొట్టువారిపై చర్య తీసుకోబడును’ అని బోర్డు తగిలించాడు!

తిరుమలేశ్ చెడ్డవాడేం కాదు. చెవి ఉంది, ఓపిక లేదు, అంతే. అతని దగ్గరికొచ్చే వాళ్లందరిదీ ఒకటే పాట. డప్పు కొట్టినవాడు “అన్నా, నాది జర పెంచు” అంటాడు. అది విని డోలక్ వాయించినవాడూ అంటాడు. కీబోర్డతను అననే అనడు, తనే వచ్చి పెంచుకుపోతాడు. అందరూ పెరిగి నా నెత్తిన పడితే నాకు ఎర్రలైటు వెలుగుతుంది. ఇక చాలు మహాప్రభో, శబ్దం చీలిపోతోంది అని దానర్థం. తిరుమలేశ్ ఏం చేస్తాడంటే, ఆ లైటు కనబడకుండా దాని మీద వాట్సాప్ తెరిచి పెట్టుకుంటాడు.

బతుకమ్మ పండుగ ఇరవై రోజులుందనగా కొమురవ్వ వచ్చింది. సిరిసిల్ల దగ్గరి పల్లెలో బీడీలు చుట్టే మనిషి, యాభై ఏళ్లుంటాయి. పాట తనే కట్టుకుంది. ఆమెను తీసుకొచ్చినవాడు బుచ్చిలింగం. యూట్యూబ్‌లో పండుగ పాటల ఛానల్ నడుపుతాడు.

“బిడ్డా, మా వాడకట్టోళ్లు నవ్వుతున్నరు,” అంది కొమురవ్వ తిరుమలేశ్‌తో. “బీడీలు చేసుకునేదాన్ని స్టూడియోల ఎవడు పాడనిస్తడే అంటున్నరు. సద్దుల బతుకమ్మ నాడు మా ఊళ్లె మైకుసెట్ల ఈ పాట ఏస్తరు. గా గొంతు నాదేనని వాళ్లకు ఎరుక గావాలె. గంతే.”

ఒక్కసారే పాడింది. తిరుమలేశ్ ఫోను పక్కన పెట్టి మరీ విన్నాడు. నాకు ఒళ్లంటూ ఉంటే పులకరించేది.

“మంచిగనే ఉంది గని,” అన్నాడు బుచ్చిలింగం, “జర వెడల్పుండాలె తమ్మీ. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రెండు చెవులల్లకెంచి ఊరేగింపు పోయినట్టుండాలె.”

అదిగో, అక్కడ కొంప మునిగింది. తిరుమలేశ్ ఏదో వీడియోలో చూసిన చిట్కా నా మీద ప్రయోగించాడు. కుడి చెవికి వెళ్లే శబ్దాన్ని తలకిందులు చేశాడు, ఎడమ చెవిలో అల పైకి లేస్తే కుడి చెవిలో కిందికి పడేట్టు. హెడ్‌ఫోన్‌లో వింటే భలేగా ఉంటుంది, ఎక్కడెక్కడినుంచో వస్తున్నట్టు. కానీ రెండు చెవుల శబ్దాన్నీ ఒక్కచోట కలిపారా, నడిమధ్యనున్నది ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అయిపోతుంది. డప్పులు ఎడమ పక్కనున్నాయి, కీబోర్డు కుడి పక్కనుంది. మరి నడిమధ్యనున్నది ఎవరు?

“పెద్దమ్మా, నిన్ను నడిమిట్ల కూసోబెట్టిన, రాణి లెక్క!” అన్నాడు తిరుమలేశ్. ఆ వెర్రితల్లి మురిసిపోయింది.

రెండు చెవుల శబ్దాన్నీ కలిపి వినిపించే బొత్తం నా పక్కనే ఉంది. ఒక్కసారి నొక్కితే బండారం బయటపడేది. పల్లెటూరి మైకుసెట్‌కు ఎన్ని బాకాలు కట్టినా ఎడమా కుడీ కలిసి ఒకటే శబ్దమని తిరుమలేశ్‌కు తెలియదా? వాడూ పల్లెటూళ్లో పుట్టినవాడే. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఊరు మరిచిపోయాడు. నేను మొత్తుకుందామంటే నాకు నోరేది? రెండు చెవుల శబ్దానికీ పొసగుతోందో లేదో చూపే ముల్లొకటుంది, అది పూర్తిగా పడిపోయి ప్రమాదం చూపించింది. దాని మీదా వాట్సాపే.

పండుగ వెళ్లిన మూడోనాడు బుచ్చిలింగం ఉరుముతూ వచ్చాడు. వెనకే కొమురవ్వ.

“ఏం జేసినవ్ తమ్మీ? డప్పులు ఇనబడ్డయ్, కీబోర్డు ఇనబడ్డది. పాడినామె ఏడికి పోయింది?”

“మైకుసెట్టోడు ఖరాబు జేసి ఉంటడన్నా,” అన్నాడు తిరుమలేశ్, మొహం చూస్తే తనకే నమ్మకం ఉన్నట్టు లేదు.

కొమురవ్వ తన ఫోనిచ్చింది. పండుగనాడు కూతురు తీసిన వీడియో అట. తిరుమలేశ్ దాన్ని కంప్యూటర్‌కు తగిలించాడు. అదీ నాలోంచే పోవాలి కదా, పోయింది.

ముందు బాకాలోంచి వట్టి వాయిద్యాలు. ఆడవాళ్ల నవ్వులు. “ఏందే కొమురవ్వా, పాడినవా, ఆవులించినవా?” అని ఎవరో అన్నారు. ఇంకా పెద్దగా నవ్వులు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతలో ఒక ఒంటరి గొంతు లేచింది. మైకు లేదు, స్టూడియో లేదు. కొమురవ్వ తన పాటను తనే ఎత్తుకుంది. మొదటి చరణం ఒక్కతే పాడింది. రెండో చరణానికి ఆవులించావా అన్న ఆ గొంతే ముందుగా అందుకుంది. ఆ వెనక చప్పట్లు, ఆ వెనక వాడకట్టంతా. ఎవరో మైకుసెట్ ఆపేశారు.

వీడియో అయిపోయింది.

“తప్పయింది పెద్దమ్మా,” అన్నాడు తిరుమలేశ్ తల వంచుకుని. “మళ్ల జేసిస్త.”

“ఏమద్దు బిడ్డా. గిదే యూట్యూబ్‌ల పెట్టు.”

“దీంట్ల మ్యూజిక్కు లేదు గదనే!” అన్నాడు బుచ్చిలింగం.

“నీ మ్యూజిక్కు ఉన్నప్పుడు నేను లేకపోతి గద సారూ.”

తిరుమలేశ్ నా మీదున్న చిట్కాలన్నీ ఒక్కొక్కటే తీసేసి, వీడియోను మళ్లీ మొదటినుంచి పెట్టాడు. ఆ నవ్వులు దాటి ఒంటరి గొంతు లేవగానే కొమురవ్వ కుర్చీలోంచి లేచి నిలబడి, స్పీకర్ వైపు వేలు చూపించింది.

“గదే,” అంది. “గదే నేను.”