ఫిరాయించని సైన్యం

ఆ సబ్బుల కార్ఖానాలో ఏటా ఒకటే నాటకం ఆడతారు. అందులో ఓ పొగరుబోతు ముసలిరాజు. యుద్ధరంగంలో సేనాపతి ముందు నడవగా సైన్యమంతా పగరాజు వైపు ఫిరాయిస్తుంది. ఒంటరివాడైన రాజు బారెడు మాటలు చెప్పి ప్రాణం విడుస్తాడు. రాజు వేషం ఎప్పుడూ సూపర్‌వైజరుదే. సైన్యమంతా ఆయన కింద పనిచేసేవాళ్లే. చిక్కు అక్కడే ఉంది.

ఏ ఏడు ఎవడు సేనాపతి వేషం కట్టినా, వారం తిరక్కుండా వాడు సోడా గదిలో తేలేవాడు. కాస్టిక్ సోడా కాగే గది అది. ఒక పూట నిలబడితే కళ్లు చింతనిప్పులవుతాయి. అలాగని సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. ఎవరైనా అడిగితే చేతులు జోడించి మరీ చెప్పేవాడు.

"నాకు వాడి మీద కోపమేం లేదయ్యా. నాటకం నాటకమే. కాకపోతే వాడి ముఖం చూస్తే నన్ను వదిలిపోయిందే గుర్తొస్తోంది. అందుకని కనపడని చోట పెట్టుకున్నా, అంతే."

ఈ ఏడు ఆ వేషం తిరిగి తిరిగి ఆయన బావమరిది నెత్తినే పడింది. బావమరిది బతక్కోరతాడని సామెత. ఇతగాడు బావ బతుకుతోపాటు తన బతుకు కూడా కోరుకునే రకం. పుట్టినప్పటినుంచీ ఉబ్బసం, పిల్లికూతలు. అక్క తన మొగుడితో పోట్లాడి మరీ తమ్ముణ్ణి సబ్బుకు అచ్చుగుద్దే బల్ల దగ్గర, కిటికీ పక్కన కూర్చోబెట్టించింది. సోడా గదికి పంపితే మనిషి దక్కడని అక్కాతమ్ముళ్లిద్దరికీ తెలుసు.

"ఈ వేషం నాకొద్దని బావతో చెప్పవే అక్కా."

"చెప్పకుండా ఉంటానా? 'ఇంట్లోవాడే వదిలిపోతేనే రక్తి కడుతుందే' అంటున్నారు. నెత్తిన కిరీటం పెట్టాక ఆయనకి పెళ్లామూ గుర్తుండదు, బావమరిదీ గుర్తుండడు. నీ తంటాలు నువ్వే పడు."

నాటకం రోజు యజమాని కుటుంబంతో సహా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. యుద్ధరంగం వచ్చింది. అటువైపు పగరాజుగా క్యాంటీన్ ఆయన, ఆయన సైన్యంగా గేటు కాపలాదారు ఒక్కడే. తక్కిన సైన్యం ఇటునుంచి నడిచి వెళ్లాలి మరి.

రాజు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "సేనాపతీ! నన్ను విడిచిపోతున్నావా?"

"లేదు ప్రభూ," అన్నాడు బావమరిది.

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. రాజు కిరీటం సర్దుకుని, "సరిగ్గా చూసుకుని చెప్పు. పోతున్నావు కదూ?" అన్నాడు.

"ఎంత మాట! ప్రాణం పోయినా పోను."

సైన్యానికి ఒక్కసారి ఊపిరి వచ్చింది. సబ్బుకన్నా ఎక్కువ పొంగుతాడని 'నురుగు' అని పేరుపడినవాడు ఈటె పైకెత్తి, "మేమూ పోం ప్రభూ!" అని అరిచాడు. కాపలాదారు చెక్కకత్తి కింద పెట్టి చేతులెత్తేశాడు.

"ఇదేంటయ్యా, నేను గెలవాలి కదా?" అన్నాడు పగరాజు, ఎవరిని అడగాలో తెలియక జనాన్నే అడుగుతూ.

రాజు కత్తి దూసినట్టు నటిస్తూ బావమరిది చెవి దగ్గరికి వచ్చాడు.

"ఒరేయ్, ఏడాదంతా ఆ చావు సాధన చేశానురా. యజమానిగారు చూస్తున్నారు. అటు పోరా నాయనా."

"పోను బావా."

"నేనే చెబుతున్నా కదరా!"

"ఇప్పుడిలాగే అంటావు. సోమవారం ఇంకోలా ఉంటావు."

"మీ అక్క మీద ఒట్టురా."

"అక్క మూడో వరసలోనే ఉంది. ఓసారి అటు చూసి వెయ్యి ఒట్టు."

రాజు అటు చూశాడు, చెయ్యి దించుకున్నాడు. అతికించిన గడ్డం వణికింది. చావనివ్వమని కన్నీళ్లతో బతిమాలే మనిషిని చూసి బావమరిదికి జాలేసింది. అప్పుడు బుర్ర పనిచేసింది. ఒక్కడు పోతే ఒక్క ముఖం. అందరూ పోతే ఎన్ని ముఖాలని దాస్తాడు?

"చేతులు పట్టుకోండ్రా," అన్నాడు వెనక్కి గొణుగుతూ. "అడుగు అందరిదీ ఒక్కసారే పడాలి. ఎవడూ ముందు కాదు."

సైన్యం చేతులు కలుపుకుని ఎండ్రకాయలా పక్కకి జరుగుతూ వేదిక దాటింది. దాటాక ఒకడు పక్కవాడి ముఖం చూశాడు. తన మీద పిడుగు పడలేదు. వాడు నవ్వాడు. ఆ నవ్వు వరసంతా అంటుకుంది. నురుగు ఈల వేశాడు. పగరాజు దొరికినవాణ్ణల్లా కావలించుకున్నాడు.

రాజు వాళ్లనే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్ల కొలువులో ఆ ముఖాలు అంతగా వెలగడం ఆయన ఎన్నడూ ఎరగడు. ఏడాది సాధన చేసిన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. తెర వెనక నుంచి అందిస్తున్నా వినపడలేదు. సింహాసనం మెట్టు మీద కూలబడ్డాడు. తెర దించేశారు. యజమాని కళ్లు తుడుచుకుని, "ఇంత గొప్ప చావు నేను చూడలేదు," అన్నాడు. రాజు చావనేలేదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

సోమవారం పొద్దున్న సూపర్‌వైజరు పనిలోకి వచ్చాడు. మొదటి బల్ల వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. తిప్పుకున్న వైపు నురుగు. ఇటు తిరిగితే కిటికీ పక్కన బావమరిది. ఎటు తిరిగినా వదిలిపోయినవాడే. కాసేపు గది నడుమ నిలబడి, తానే సోడా గదిలోకి నడిచి తలుపు వేసుకున్నాడు. యజమాని కబురు పంపినా రాలేదు.

మధ్యాహ్నం అక్క అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. సంగతి విని క్యారియరు తమ్ముడి చేతిలో పెట్టింది. అతను మూసిన తలుపు చూశాడు, అక్కని చూశాడు, ముక్కుకి తువ్వాలు కట్టుకుని తలుపు తోశాడు.

లోపల సూపర్‌వైజరు గోడవైపు తిరిగి డ్రమ్ము మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరది?"

"నేనే బావా."

"రాకు. నీ ముఖం చూడలేను."

"చూడకు." ఇంకో డ్రమ్ము లాక్కుని, బావ వీపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. అప్పటికే గుండెలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"నీకీ గాలి పడదు కదరా వెధవా."

"పడదు."

"మరి?"

బావమరిది దగ్గు ఆపుకుంటూ క్యారియరు విప్పి, మొదటి గిన్నె భుజం మీదుగా వెనక్కి అందించాడు. కాసేపు గిన్నె గాలిలోనే ఉంది. తర్వాత వెనకనుంచి ఓ చెయ్యి వచ్చి అందుకుంది.