లేకపోతే కూలిపోయే మాట

“ఈసారీ మార్కులు రాకపోతే ఈ పిల్ల ఏమైపోతుందో, వస్తే నేనేమైపోతానో,” అని పైకే అనేశాను.

చర్చి కింది వంటగదిలో, శుక్రవారం అమ్మకానికి పిరోగీలు, అంటే బంగాళాదుంప ముద్ద కూరిన కజ్జికాయల్లాంటివి, ఒత్తుతున్నాం. ఎదురుగా ఉన్న డొలోరెస్ నవ్వింది.

“రెండు వైపులా ఏడ్చేది ఈ యంగ్‌స్టౌన్‌లో నువ్వొక్కదానివే, వెరా. ఆ అంచు సరిగ్గా నొక్కు, ఉడికేటప్పుడు విచ్చుకుంటుంది.”

లా కాలేజీ ప్రవేశ పరీక్ష మా అమ్మాయి కోరిన్‌కి ఇది మూడోసారి, ఇంకో వారమే ఉంది. మార్కులొస్తే దేశానికి ఆ చివరున్న సియాటిల్ వెళ్తావా, గంట దూరంలో ఉన్న ఆక్రన్‌లోనే చేరతావా అని నెల కిందట అడిగాను. ఇంకా చెప్పలేదు.

నా పక్కనే పిరోగీలు మూస్తున్న దాని చేతులనిండా పిండి. అందుకని నేనే చేతులు తుడుచుకుని పరీక్ష పుస్తకం చదివి వినిపించసాగాను.

“వంతెన మూశాక మార్కెట్‌కి జనం తగ్గారు. కాబట్టి వంతెన తెరిస్తే మళ్ళీ వస్తారు. ఇందులో చెప్పకుండా నమ్మినదేంటి? మొదటి జవాబు: వంతెన ఊరికి చాలా అవసరం. ఇదేగా?”

“నిజమనిపించేది కాదమ్మా,” అంది కోరిన్. “ఏది లేకపోతే వాదం కూలిపోతుందో అది. జవాబుని కాదని తిప్పి చూడు.”

ఇంకో జవాబు చదివాను. వెళ్ళినవాళ్ళు వేరే మార్కెట్‌కి పూర్తిగా అలవాటుపడిపోలేదు. తిప్పాను. పూర్తిగా అలవాటుపడిపోయారు. ఇక వంతెన తెరిచినా ఎవరొస్తారు? పుస్తకం మూసేశాను.

“నా వాదం ఒకటి చెప్తాను, విను. ఆక్రన్ దరఖాస్తు నువ్వు ముట్టుకోనేలేదు. కాబట్టి నీకు ఇక్కడ ఉండాలని లేదు.”

డొలోరెస్ పళ్ళెం ఎత్తుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

“ఇందులో నువ్వు నమ్మినదేంటమ్మా?” కోరిన్ తలెత్తలేదు.

పుస్తకంలో వెతికినట్టే నా మాటలో వెతికాను. చదువు పదో తరగతితో ఆపినదాన్ని.

“ఉండాలని ఉన్నవాళ్ళు వెళ్ళరని.”

“తిప్పు.”

“ఉండాలని ఉన్నా వెళ్ళేవాళ్ళుంటారు. ఉంటారా, కోరిన్?”

అది ఒక పిరోగీ మూసింది. ఇంకోటి. కొత్త పళ్ళెంలో వరస నిండింది. రెండో వరస మొదలైంది. తప్పు అడిగాననుకున్నాను. అడగకుండా ఉంటే ఇంకో వారమైనా నాతో మామూలుగా ఉండేది. మూడో వరస సగంలో దాని చేతులు ఆగాయి.

“ఉంటారమ్మా,” అంది. “మార్కులొస్తే సియాటిలే వెళ్తాను.”