అతుక్కున్న జంట

మా ల్యాబులో చేపల క్రోమోజోములు లెక్కపెట్టేది నేనే. ఇరవై రెండేళ్లుగా అదే పని. కణం లోపల దారప్పోగుల్లా ఉంటాయవి, తల్లీతండ్రుల పోలికలన్నీ పిల్లలకి మోసుకొచ్చేవి. వాటికి రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టాలి. సముద్రపు చేపల్లో చాలావాటికి నలభై ఎనిమిది. కోట్ల ఏళ్లు గడిచినా, చేప ఆకారం ఎంత మారినా, ఆ లెక్క మాత్రం మొండిగా అక్కడే కూర్చుంటుంది. నాకు నచ్చేదీ అదే. మనుషుల్లో అంత నిలకడ ఎక్కడ చచ్చింది?

అందుకే మా మేనకోడలు "నలభై ఏడు అత్తా" అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది.

మా అన్నయ్య కూతురది. పరిశోధన చేస్తానంటే నేనే మా ల్యాబు పెద్ద సారుతో మాట్లాడి చేర్పించాను. ఏడాది చూసి, పని కుదిరితే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. ఆ ఏడాది శుక్రవారంతో అయిపోతుంది. దానికిచ్చిన పనల్లా పన్నెండేళ్ల కిందట మేం అచ్చేసిన ఒక చేప లెక్కని మళ్లీ చేసి చూపించడం. వేలెడంత చేప. రాళ్ల సందులో కన్నం చూసుకుని, చచ్చేదాకా ఆ గుమ్మం దగ్గరే కాపలా కాస్తుంది. గుమ్మంరాయుడని పేరు పెట్టింది నేనే. ఆడదానికైనా మగదానికైనా నలభై ఎనిమిదే అని అప్పట్లో తేల్చిందీ నేనే.

"ఆడవాటికి సరిగ్గానే వస్తున్నాయి. మగవాటికే ఒకటి తగ్గుతోంది," అంది.

"తగ్గదూ మరి! గాజుపలక మీద చుక్క వేసేటప్పుడు చెయ్యి మరీ ఎత్తులో పెట్టుంటావు. కణం పగిలి ఒకటి ఎటో కొట్టుకుపోయుంటుంది."

"ముప్పై కణాల్లోనూ సరిగ్గా ఒక్కటే కొట్టుకుపోతుందా?"

"చెయ్యి కుదరనివాళ్లకి నోరు బాగా కుదురుతుంది," అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది. మన పిల్లే కదా అని ఊరుకుంటే రేపు నలుగురూ నన్నంటారని నా భయం.

బుధవారం సారు పిలిచారు. "మీ అమ్మాయి లెక్క కలవడం లేదుగా. మీరేమంటారు?" అన్నారు. లెక్కల విషయంలో నా మాటే ఆఖరు అక్కడ.

"మేనకోడలని వెనకేసుకురాను సార్. మీ ఇష్టం," అనేశాను. అని బయటికొచ్చాక మాత్రం ఇంటికి ఫోన్ చెయ్యబోయి ఆగిపోయాను. అన్నయ్యకి ఏం మొహం పెట్టుకుని చెప్పను?

విషయం చెప్తే పిల్ల ఏడవలేదు. "పంపిస్తే పంపించనీ అత్తా. పోయేముందు ఒక్కసారి నీ చేత్తో నువ్వు చేసి చూపించు," అంది.

సరే, గురువారం పొద్దున్నే కూర్చున్నాను. కణాలు రెండుగా విడిపోబోయే క్షణంలో ఆగిపోయేలా మగ చేపకి మందు ఎక్కించి, కాసేపాగి, లోపలి మూత్రపిండం ముక్క తీసి, పలచని ఉప్పునీళ్లలో ఉబ్బించి, చల్లటి పలక మీద చుక్క వేశాను. ఊదా రంగు పట్టాక చూస్తే ఒక్కటీ కొట్టుకుపోలేదు, ముగ్గు పెట్టినట్టు పరుచుకున్నాయి. లెక్కపెట్టాను. నలభై ఎనిమిది.

"ఇప్పుడేమంటావే?" అన్నాను.

అది వంగి చాలాసేపు చూసింది. "ఈ పెద్దదాన్ని రెండు అని ఎందుకు లెక్కపెట్టావు?"

"ఒకటి కాదు, రెండే అవి. చివర్లు అతుక్కున్నాయి. అతుక్కున్న జంట అంటాం. చూడగా చూడగా తెలుస్తుంది."

"మరి ఆడ చేపల్లో ఎందుకు అతుక్కోవు?"

"వెళ్లి తిండి తిను ముందు," అని కసిరి పంపేశాను.

అది వెళ్లగానే బీరువాలోంచి పన్నెండేళ్ల నాటి పలకల డబ్బా తీశాను. రంగు వెలిసింది గానీ కనపడుతోంది. మొదటి మగ చేప చూశాను, అతుక్కున్న జంట ఉంది. రెండోది, ఉంది. ఇరవై కణాలు చూశాను, ఇరవైలోనూ అదే సైజు, అదే వంపు, ఒక్కటంటే ఒక్కటే. ఆడవాటిలో మచ్చుకైనా లేదు. తడిచెప్పులు ఒకదానికొకటి అతుక్కోవడం ఎవరింట్లోనైనా ఉండేదే. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ మగాళ్లవే, అవీ ఒకే జోడు అతుక్కుంటాయా? ఎప్పుడో ఏ కాలంలోనో రెండు కలిసి ఒకటైపోయి, అప్పట్నుంచీ తండ్రి దగ్గర్నుంచి కొడుక్కి అలాగే వస్తోంది. కన్నం వదిలి పోని చేప కదా, వచ్చిన మార్పు బయటివాటితో కలిసి పలచబడకుండా ఇంట్లోనే నిలిచిపోయి ఉంటుంది. అది నా కళ్లముందే ఉంటే, నలభై ఎనిమిది రావాలి కాబట్టి దాన్ని రెండు చేశాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అబద్ధమెందుకు. డబ్బా మూసేస్తే ఎవరికీ తెలీదు. పిల్ల వెళ్లిపోతుంది, వేరేచోట బతుకుతుంది, నా పేరు అలాగే ఉంటుంది. ఒక అరగంట ఆ ఆలోచనతోనే కూర్చున్నాను. దాని మొహం గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది.

డబ్బా పట్టుకుని సారు గదిలోకి వెళ్లాను. "పిల్ల లెక్కే సరైంది సార్. మగవాటికి నలభై ఏడే. తప్పు నాది. ఇప్పుడూ నాదే, పన్నెండేళ్ల కిందటా నాదే."

ఆయన పలకలు తీసుకుని ఒక్కొక్కటీ చూశారు. కోప్పడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అమ్మాయి ఉంటుంది, ఆ సంగతి వదిలేయండి," అన్నారు చివరికి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇన్నేళ్లలో మీరు లెక్క తేల్చిన మిగతా అరవై రకాల చేపల్లో కూడా ఇలా అతుక్కున్నవి కనపడేవా?" అని అడిగారు.

"కొన్నిట్లో కనపడేవి."

"వాటినీ రెండే అనుకున్నారా?"

"రెండే అనుకున్నాను సార్."

ఆయన పలకలన్నీ డబ్బాలో సర్ది నా చేతికిచ్చారు.

నేను బీరువా ఖాళీ చేసి డబ్బాలన్నీ బల్ల మీద పేర్చాను. మేనకోడలు తిరిగొచ్చి చూసి బిత్తరపోయింది. నా కుర్చీ దానివైపు జరిపాను.

"కూర్చో. ఉంటున్నావు నువ్వు. ఇవన్నీ మళ్లీ లెక్కపెట్టాలి."

"నేనా? మరి నువ్వు?"

"నేను చూస్తే నలభై ఎనిమిదే కనపడతాయే. నువ్వు చూసి చెప్పు, నేను రాస్తాను."

అది నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. మొదటి డబ్బాలో ఇంకో రకం చేప, నా ఉద్యోగం తొలి ఏడాది చేసింది. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అది నెమ్మదిగా లెక్కపెట్టింది, మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టింది, నావైపు చూడకుండానే చెప్పింది.

"నలభై ఆరు అత్తా."

రాసుకున్నాను.