చప్పుడు లేని కెమెరా

మహబూబాబాద్‌లోని ఆ ఫొటో స్టూడియోకు ఈ ఏడాది ఒక్క కెమెరాయే కొత్తగా రానుంది. డీఎస్ఎల్ఆర్ కావాలని యజమాని సురేందర్, మిర్రర్‌లెస్ కావాలని అతని దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్న పూజ పట్టుబట్టారు. ఎవరి మాట నెగ్గితే పెళ్లిళ్లలో వారే ముందు నిలబడి ఫొటోలు తీయాలి. ఇంతవరకు పూజ చేతికి లైటు తప్ప మరేదీ దక్కలేదు. ఇది అన్యాయమని ఆ వీధిలో తెలియనివారు లేరు. పైకి అన్నవారూ లేరు.

బయ్యారం దగ్గరి లంబాడీ తండాలో పూజ మేనమామ హరిలాల్ కూతురు తారికి పెళ్లి కుదిరింది. పూజ జనగామ నుంచి మిర్రర్‌లెస్ అద్దెకు తెచ్చింది. సురేందర్ తన పాత డీఎస్ఎల్ఆర్‌తో వచ్చాడు. ఎవరు ఏది తీశారో చెప్పకుండా ఫొటోలన్నీ కలిపి చూపాలనీ, పెళ్లివారి మెప్పును బట్టే కొత్త కెమెరా కొనాలనీ ఇద్దరూ ఒప్పుకున్నారు.

వేదిక మీదనే చిక్కు వచ్చింది. కెమెరా టక్కుమని వినబడేదాకా కదలకపోవడం పెళ్లివారి పెద్దల అలవాటు. పూజ ఫొటో తీసేసినా హరిలాల్ ఊపిరి బిగబట్టి అలాగే నిలబడ్డాడు.

“ఏందే పూజా, ఇంకా కొట్టవా? మెడ పట్టేసింది.”

“అయిపోయింది మామా.”

“చప్పుడే రాకపాయె, ఎట్లయితది?”

“దీంట్ల అద్దం లేదు మామా. అన్న కెమెరాల అద్దం లేస్తది, గందుకే గా చప్పుడు.”

హరిలాల్ తల్లి మోతీ తన రవికె మీది అద్దాలను తడుముకుంటూ నవ్వింది. “నా బట్టలకే ఇన్ని అద్దాలుండె. నీ డబ్బాకు ఒక్కటి లేదా? గరీబు కెమెరా తెచ్చినవ్ బిడ్డా!”

అందరూ పకపక నవ్వారు. చప్పుడు వచ్చేలా మార్చే వీలు ఆ కెమెరాలో ఉంది కాని, కంగారులో పూజకు అది దొరకలేదు. “జర జరుగు” అంటూ సురేందర్ ముందుకు వచ్చాడు. అతని కెమెరా టక్కుమన్న ప్రతిసారీ వేదిక మీదివారు ఊపిరి వదిలారు. పూజ ముఖం చిన్నబోయింది.

అప్పగింతల వేళ తారి తన నాయనమ్మ మోతీ మెడను కౌగిలించుకొని ‘ఢావలో’ పాట అందుకుంది. ఆడపిల్ల పుట్టింటివారిని ఒక్కొక్కరినే పట్టుకొని ఏడుస్తూ పాడే పాట అది. సురేందర్ దగ్గరికి వెళ్లి టకటకమనిపించాడు. వెంటనే తారి పాట ఆపి, కళ్లు తుడుచుకొని, పైట సర్దుకొని కెమెరాకు ఎదురుగా నిలబడింది.

“నీ టకటక పాడుగాను!” అని మోతీ గద్దించింది. “పిల్ల ఏడ్సుడు మర్సి ఫొటోకు నిలవడ్డది. ఆపు!”

సురేందర్ కెమెరా దించాడు. పాట మళ్లీ సాగింది. పూజ ఆడవాళ్ల మధ్యకు చేరి తీస్తూ పోయింది. ఒక్కరూ ఆమె వైపు తిరగలేదు.

వారం తరువాత హరిలాల్ కుటుంబం స్టూడియోకు వచ్చింది. వేదిక మీది ఫొటోలలో వారు ఎంచుకున్నవి దాదాపు అన్నీ సురేందర్‌వే. ఆ తరువాత తెర మీద తారి భుజాన వాలిన మోతీ ముఖం కనిపించింది.

“మా యాడి ఏడ్సుడు నేనెన్నడు సూడలే,” అన్నాడు హరిలాల్ నెమ్మదిగా. యాడి అంటే వారి భాషలో అమ్మ. “ఆల్బంల గిదే ముందుగాల పెట్టుండ్రి.”

“గది పూజ తీసింది,” అని సురేందర్ తానే చెప్పాడు.

వారు వెళ్లగానే అతడు దుకాణానికి ఫోన్ చేసి మిర్రర్‌లెస్ పంపమన్నాడు.

“పాలకుర్తి పెండ్లికి నువ్వే ముందల నిలవడు. నాక్కూడ జర నేర్పియ్యి.”

“నేర్పుత అన్నా. రేపు పొద్దుగాలనే రా,” అంది పూజ. “ఆలస్యమైతే ఊకోను.”