బూడిద పట్టిన పిస్టన్లు

మా దీవిలోని అబర్డీన్ బజార్‌లో ఫ్యాన్సీ షాపు నడిపే లోహిత్, ఫోన్‌లో కార్ల జోరు పెంచే వీడియోలు రెండు చూశాడు. ఆ పూటనుంచి తన కారు ఇంజిన్ వాడి కంటికి ఆనలేదు. కంప్రెషన్ పెంచాలన్నాడు. ఎత్తు పిస్టన్లు, పల్చటి హెడ్ గాస్కెట్ చెన్నై నుంచి ఓడలో తెప్పించి, చౌల్దారీలోని నా మెకానిక్ షెడ్డుకి మోసుకొచ్చాడు.

"వీటికి ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు కావాల బాబూ. నువ్వు కొట్టించే మామూలు పెట్రోలుకి ఇంజిన్ లోపల కొట్టుకుంటాది," అన్నాను.

"అరే నూకన్న భయ్యా, నీకు పాత బండ్లే తెలుసు. ఫిట్ కర్ దో!"

బిగించాను. తీసిన పాత పిస్టన్లు నాలుగూ గెలిచిన కప్పుల్లా పట్టుకుపోయాడు.

వారం తిరక్కుండా వచ్చాడు. వండూర్ దారిలో ఎత్తు ఎక్కేసరికి ఇంజిన్ డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు మోగిందట. వెనకాల బస్సు కూడా దాటిపోయిందట.

"పాతవే వేసెయ్ భయ్యా," అని సంచి చేతికిచ్చాడు.

విప్పి చూశాను. నాలుగు పిస్టన్ల లోపలా సిగరెట్ బూడిద పట్టేసి ఉంది. తిరగేసి యాష్‌ట్రేలుగా వాడేశాడు.

సంచి వాడి చేతిలోనే పెట్టాను.

"తోముకుని తీసుకురా. ఈ ఇంజిన్‌కి నీ చేతనైన పని అదొక్కటే."